శుక్రవారం నాటికి అన్నీ నిటారే

1వ రోజు, సోమవారం

కొత్త మూలం ఇవాళ మొదలైంది కాబట్టి రోజుల లెక్కా ఇవాళ్టి నుంచే. ఈ దినచర్య రాయమన్నది ఊరి సభవాళ్ళు. రాస్తానని ఒప్పుకున్నాను గానీ అందంగా రాస్తానని ఒప్పుకోలేదు.

నా పేరు నూకరత్నం. అరవై నాలుగు తెప్పలు పొడుగాటి మోకులతో దూరదూరంగా కలిపి కట్టిన మా ఊళ్ళో బొమ్మలకు తీగలు కట్టే పని నాది. ఉప్పుగాలికి కబుర్లు చూపే అద్దాల తెరలు నెల తిరక్కుండా చచ్చిపోతాయి. అందుకని మా తాతల కాలంలోనే వాటిని సముద్రంలో పారేసి అంకుడు కర్ర బొమ్మలు పెట్టుకున్నారు. ప్రతి తెప్ప మీదా గడప పక్కన ఒక బొమ్మ ఉంటుంది. చెయ్యి లేస్తే ఆ ఇంటికి వైద్యం పడవ వస్తున్నట్టు. నడుం నిటారుగా ఉంటే తెప్పను మోసే పీపాలు బాగున్నట్టు, వంగితే వాటిలోకి నీరు చేరుతున్నట్టు. ఈ సంగతులన్నీ ఉండే అసలు చోటును మూలం అంటాం. అది నడిమి తెప్పలో ఒక ఇనప్పెట్టె. అందులో ఏది మారినా ఇక్కడ బొమ్మ కదలాలి. అదే తెప్పలో ఉన్న నా పనిగదిలో గోడ మీద అరవై నాలుగు బుల్లి బొమ్మలు వరసగా ఉంటాయి, ఊరంతా ఒక్క చూపులో కనబడేందుకు.

ఇన్నాళ్ళూ బొమ్మ చెప్పేదే గానీ వినేది కాదు. ఒంట్లో బాగాలేకపోతే గంటన్నర తెడ్డేసుకుని నడిమి తెప్పకు వచ్చి చెప్పుకోవాలి. కొత్త మూలం వింటుంది కూడా. బొమ్మ చెయ్యి మనం పైకెత్తితే చాలు, మూలానికి తెలుస్తుంది, పడవ బయల్దేరుతుంది. ఈ ఆలోచన నాదే. దీనికోసం సభలో రెండేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇవాళ ముప్పయ్యో తెప్పలో ఒక తాత దగ్గొచ్చి చెయ్యెత్తితే పావుగంటలో పడవ కదిలింది. పట్టలేనంత సంతోషం వేసింది.

3వ రోజు, బుధవారం

మూలం చూసే ఆయన కామేశం గారు. ఆయనతో మొదటి గొడవ ఇవాళే అయింది.

పాత మూలంలో తెప్పకు ఒకటే గడి, పీపాలు బాగున్నాయా లేదా అని. కొత్తదాంట్లో ఆయన నాలుగు మూలల పీపాలకూ నాలుగు గడులు పెట్టారు. మంచిదే. మరి బొమ్మకు నడుం ఒకటే కదా, దేనికి కట్టాలి? నాలుగూ కలిపి సగటు తీయమన్నారాయన. మూడు పీపాలు బాగుండి ఒకటి మునిగితే ఆ మూల నిద్రపోయేవాళ్ళకు సగటు ఏం ఉపకారం చేస్తుందని అడిగాను. ఆయన మీసం దువ్వుకున్నారు. చివరికి నాలుగింటిలో అధ్వాన్నమైనదానికే నడుం కట్టాను.

కట్టగానే పందొమ్మిది బొమ్మలు వంగాయి. అన్నిటికన్నా ఎక్కువ వంగింది నలభై ఒకటో తెప్ప బొమ్మ. అది తూర్పు అంచున, అలలు మొదట తగిలే చోట ఉంది. అందులో చిట్టెమ్మ పిన్ని, ఆమె కోడలు పోలేశ్వరి ఉంటారు. కోడలికి ఇప్పుడు ఏడో నెల. కొడుకు దూరపు వేటకు వెళ్ళాడు, తుఫానులు అయ్యాక గానీ రాడు.

ఏడాదికి ఒకసారి ఒడ్డు నుంచి కొత్త పీపాలు వస్తాయి. ఈసారి అయిదు తెప్పలకు సరిపడా వస్తున్నాయి. నలభయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి శంఖం ఊదగానే మూలం తనలో ఉన్నది చూసి, అందరికన్నా ఆపదలో ఉన్న అయిదు తెప్పల పేర్లు చెబుతుంది. ఆ తర్వాత తుఫానుల కాలం. పోయినేడు పేరు రాని పదిహేడో తెప్ప మునిగిపోయింది, ముగ్గురు మనుషులతో సహా; ఇప్పుడున్నది దాని చోట కొత్తగా కట్టినది. అందుకని నలభై ఒకటి పేరు ఆ అయిదింటిలో ఉంటుందని తెలిసి నాకు ధైర్యంగా ఉంది.

5వ రోజు, శుక్రవారం

విచిత్రం. పొద్దున పనిగదిలోకి వచ్చేసరికి గోడ మీద పందొమ్మిదికి రెండే వంగి ఉన్నాయి. నలభై ఒకటి కూడా నిటారుగా నిలబడింది.

తీగ తెగిందేమోనని పరుగున వెళ్ళి మూలం తెరిపించాను. అక్కడా 'బాగుంది' అనే ఉంది. బొమ్మా మూలమూ ఒకే మాట చెబుతున్నాయంటే నా కట్టులో తప్పు లేనట్టే కదా. హమ్మయ్య అనుకుని భోజనానికి వెళ్ళాను. తిన్నాక అనుమానం వచ్చింది. పీపా వాపు కాదుగా, రెండు రోజుల్లో దానంతటది తగ్గడానికి.

12వ రోజు, శుక్రవారం

వారమంతా లెక్కపెట్టాను. శనివారం మూడు వంగాయి. సోమవారానికి ఎనిమిది. బుధవారానికి పద్నాలుగు. ఇవాళ శుక్రవారం, ఒక్కటే. మూలంలోనూ అంతే.

నలభై ఒకటి మాత్రం వేరే దారి. మధ్యాహ్నం వంగుతుంది, మర్నాడు పొద్దున్నే లేచి నిలబడుతుంది, మళ్ళీ వంగుతుంది.

కామేశం గారు నా కట్టు వదులుగా ఉందన్నారు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు ఆయనకు. వదులు కట్టుకు వారాలు ఎలా తెలుస్తాయండీ అని అడిగాను. గురువారం పోటు ఎక్కువేమో అన్నారు. పోటు చంద్రుణ్ణి చూసి వస్తుంది గానీ వారాన్ని చూసి రాదని చెప్పాను. నాకు ఎలుకల మీద అనుమానం. దీపాల వేడికి బొమ్మ నడుం దగ్గర లక్క మెత్తబడుతోందేమోనన్నది ఇంకో అనుమానం. రెండూ పరీక్షించి చూస్తాను. నిజం చెప్పాలంటే ఇంత ఆసక్తిగా పనికి వచ్చి ఏళ్ళయింది.

19వ రోజు, శుక్రవారం

మళ్ళీ అంతే. బుధవారం పదహారు, ఇవాళ సున్నా. ఎలుకలు కావు, తీగల పొడుగునా పిండి చల్లి చూశాను, ఒక్క అడుగు పడలేదు. లక్కా కాదు, ఒక బొమ్మను రోజంతా దీపం పక్కన పెట్టాను, రంగు కరిగింది గానీ నడుం కదల్లేదు.

శుక్రవారం వచ్చేసరికి ఊరంతా ఆరోగ్యంగా ఉంటోంది. మళ్ళీ బుధవారానికి జబ్బు పడుతోంది. జాబితా తీసే నలభయ్యో రోజు ఏ వారమా అని లెక్కేశాను. శుక్రవారం. ఆ రోజు మూలానికి అన్ని తెప్పలూ బాగున్నట్టే కనబడతాయి. పేర్లు ఎవరివి చెబుతుంది?

25వ రోజు, గురువారం

దొరికింది.

ఇవాళ పని మానేసి పన్నెండో తెప్పలో లచ్చుమాంబ వదిన ఇంట్లో కూర్చున్నాను. ఆమె బొమ్మ నిన్ననే వంగింది. ఏం వచ్చావు, ఏం కావాలి అని ఆమె, ఊరికే వచ్చానని నేను. ఎనిమిదింటికి వదిన స్నానం చేసి, పసుపునీళ్ళ గిన్నె పట్టుకుని గడప దగ్గరకు వచ్చింది. గడప కడిగింది. బొమ్మ ముఖం తుడిచింది. తర్వాత, ఒరిగిన పటాన్ని సర్దినట్టుగా, రెండు వేళ్ళతో బొమ్మ నడుం నిటారుగా నిలబెట్టి బొట్టు పెట్టింది.

గురువారం గడప కడిగి బొమ్మకు బొట్టు పెట్టని ఇల్లు మా ఊళ్ళో లేదు. వంగిన బొమ్మకు బొట్టు పెట్టకూడదంటారు. పాత మూలం ఉన్నప్పుడు మనం నిలబెట్టినా గంట తిరక్కుండా బొమ్మ మళ్ళీ వంగేది, ఎందుకంటే అది వినేది కాదు, తన మాట గంటగంటకూ చెబుతూ పోయేది. ఇప్పుడు వింటోంది. లచ్చుమాంబ వదిన వేళ్ళు 'ఈ తెప్ప బాగుంది' అని మూలంలో రాసి వచ్చాయి.

వదినను తప్పు పట్టడానికి నాకు నోరెక్కడిది. ఎందుకంటే పొద్దున అయిదున్నరకు మా ఇంటి బొమ్మను నిలబెట్టి బొట్టు పెట్టి వచ్చాను. పోయిన గురువారమూ పెట్టాను, ఆ ముందు గురువారమూ పెట్టాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

26వ రోజు, శుక్రవారం

కామేశం గారికి చెబితే ముక్కున వేలేసుకున్నారు. ఆయన బొమ్మ చెయ్యితో పాటు నడుం మాట కూడా మూలం వినేలా పెట్టారు. చెయ్యికి ఒక పద్ధతి, నడుముకు ఇంకో పద్ధతి ఉంటే అందంగా ఉండదట. పైగా పీపాలో నీటిమట్టం చూపే ముల్లు ఉంటుంది కదా, అది కొత్త పద్ధతిలో కదిలినప్పుడే కబురు పంపుతుంది, ఊరికే పంపదు. తీగల మీద బరువు తగ్గించాలని ఆ ఏర్పాటు. కాబట్టి మనిషి చేత్తో ఒకసారి 'బాగుంది' అని రాస్తే, నీరు ఇంకో గీత పెరిగి ముల్లు కదిలేదాకా ఆ అబద్ధమే నిలుస్తుంది. ఆఖరున ఎవరు చెబితే వాళ్ళ మాటే మాట.

నడుం మాట వినకుండా చేయండి, చిటికెలో పని అన్నాను. ఆయన సభను అడిగారు. జాబితా అయ్యేదాకా మూలాన్ని ఎవరూ ముట్టుకోవద్దని సభవాళ్ళు తేల్చేశారు. ఇప్పుడు ముట్టుకుంటే ఎవరికోసం మార్చారని అరవై నాలుగు తెప్పలూ అడుగుతాయట. అదీ నిజమే. అంచేత మిగిలింది ఒకటే దారి. పడవేసుకుని తెప్ప తెప్పకూ వెళ్ళి, వంగిన బొమ్మను వంగినట్టే ఉంచి బొట్టు పెట్టండి తల్లీ అని చెప్పడం.

ఈ పేచీ తెచ్చింది నా ఆలోచనే కాబట్టి నేనే తిరిగాను. కొందరు నవ్వారు. కొందరు అరిష్టం అన్నారు. నలభై ఒకటికి వెళ్ళినప్పుడు చిట్టెమ్మ పిన్ని చేపలు ఎండబెడుతోంది. అలాగేలే రత్నం అంది.

34వ రోజు, శనివారం

జనం మాట విన్నారు. ముళ్ళు ఒక్కొక్కటే కదిలి బొమ్మలు తిరిగి వంగుతున్నాయి. ఇవాళ్టికి పదిహేను. శుక్రవారం వచ్చి వెళ్ళినా ఒక్కటీ లేవలేదు. కామేశం గారు నాకు తమలపాకులు ఇచ్చి, రత్నమ్మ గారూ, మీ కట్టు గట్టిదే అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం పదకొండేళ్ళలో మొదటిసారి.

నలభై ఒకటి ఇంకా నిటారుగానే ఉంది. దానికీ టైము పడుతుందిలే అనుకున్నాను.

40వ రోజు, శుక్రవారం

మధ్యాహ్నం దాకా నన్ను నేను సముదాయించుకుంటూ కూర్చున్నాను. పద్దెనిమిది వంగాయి, నలభై ఒకటి మాత్రం గుంజలా నిలబడి ఉంది. మూడో రోజు అందరికన్నా ఎక్కువ వంగిన బొమ్మ అది. పాత లెక్కలు తిప్పి చూశాను. పన్నెండో రోజు నాటికి అది రోజూ వంగి లేచేది. ఇరవై ఒకటో రోజు నుంచి అసలు వంగనేలేదు. అప్పుడు ముల్లు సంగతి తట్టింది. ఆఖరి గీత దాటాక ముల్లు కదలడానికి చోటు ఉండదు. కదలకపోతే కబురు ఉండదు. దాన్ని పిలిచి అడగడమూ కుదరదు, అది చెబితేనే మనం వినాలి. పీపా పూర్తిగా నిండిపోయిన తెప్ప ఇక ఏమీ చెప్పదు.

తెడ్డు పట్టుకుని పడవలో దూకాను. చేరేసరికి మూడుంపావు దాటింది. చిట్టెమ్మ పిన్ని గడపలో కూర్చుని వల అల్లుతోంది. నేను పలకరించకుండానే తెప్ప మూలకు వెళ్ళి వంగి, తెడ్డు పిడితో పీపాను కొట్టాను. ఖాళీ పీపా ఖంగుమంటుంది. ఇది దబ్ అంది. పక్కది కూడా దబ్ అంది.

"పిన్నీ, బొమ్మను రోజూ నిలబెడుతున్నావా?" అని అడిగాను.

దాచలేదు ఆమె. "నిలబెట్టకేటి సేస్తాను? కడుపుతో ఉన్న పిల్ల లేస్తూనే వంగిన బొమ్మ ముకం సూడాలా? బెంగెట్టుకుంటాది. మొదట్లో రోజూ వంగిపోయీది. ఇరవై రోజులై నేను ముట్టకపోయినా నిలబడతంది. అమ్మోరు దయ సూసింది అనుకున్నాను."

అమ్మవారి దయ కాదని, పీపాలు నిండి ముల్లు మూగబోయిందని, నాలుగింటికి జాబితా తీస్తే ఈ తెప్ప పేరు రాదని చెప్పాను. నడిమి తెప్పకు వెళ్ళి చెప్పడానికి గంటన్నర పడుతుంది, ఉన్నది ముప్పావుగంట. మూలానికి ఇప్పటికిప్పుడు నిజం చేరే దారి ఒకటే. ఆ బొమ్మ నడుం మన చేత్తో వంచాలి. చెబుతూనే చెయ్యి చాచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఇంటి బొమ్మను ఇంటివాళ్ళు తప్ప ముట్టకూడదని మా ఊరి కట్టుబాటు. కానీ ఆమె పట్టుకున్నది అందుకు కాదు. ఆమె చూపు నా వెనక్కి ఉంది. తిరిగి చూస్తే పోలేశ్వరి తలుపు పట్టుకుని నిలబడింది.

"పిల్ల ముందు వద్దు రత్నం," అంది పిన్ని, గొంతు తగ్గించి. "నీ దండం పెడతాను."

పోలేశ్వరి నెమ్మదిగా వచ్చి అత్త పక్కన కూలబడింది.

"నాకు తెలుసు అత్తా," అంది. "పక్క మీద ఒరిగితే కింద నీళ్ళు కదిలిన సప్పుడు సెవిలోకే వస్తంది. నెల రోజులై వింటన్నాను. నువ్వు రోజూ పొద్దున్నే బొమ్మని నిలబెడతంటే, నీకు తెలిస్తే బయపడతావని సెప్పలేదు."

చిట్టెమ్మ పిన్ని నా చెయ్యి వదిలేసింది. కోడలి ముఖంలోకి చూసింది, బొమ్మ ముఖంలోకి చూసింది. జీవితమంతా బొమ్మలను నిలబెట్టిన ఆ చెయ్యి బొమ్మ వీపు మీద పెట్టి కిందికి నొక్కింది. అంకుడు కర్ర కిర్రుమంది. సగం వంగాక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. బొమ్మ నుదురు గడపకు తగిలేదాకా నొక్కి, అలాగే పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పోలేశ్వరి ఒక్కతే ఏడవలేదు, అత్త జుట్టు సర్దుతూ కూర్చుంది.

శంఖం వినబడేదాకా ఆమె బొమ్మ మీద చెయ్యి తియ్యలేదు.

43వ రోజు, సోమవారం

జాబితాలో మొదటి పేరు నలభై ఒకటి. ఇవాళ ఆ తెప్పకు కొత్త పీపాలు కట్టారు. పాత వాటిలో రెండు ఊడదీసి పైకి లాగితే అడుగున పిడికిలి పట్టేంత చిల్లి ఒకదానికి, అరచెయ్యంత చిల్లి ఇంకోదానికి. పన్నెండు మంది లాగారు. ఆ తెప్పను ఇన్నాళ్ళు ఏది మోసిందో నాకు అర్థం కాలేదు, కామేశం గారికీ అర్థం కాలేదు.

పేర్లు రాని పద్నాలుగు వంగిన తెప్పల వాళ్ళు పక్క తెప్పల్లోకి సర్దుకున్నారు. ఇరుకు, రుసరుసలు, వంటల దగ్గర తగువులు. అయినా అందరూ వెళ్ళారు.

61వ రోజు, శుక్రవారం

తుఫాను నాలుగు రోజులు కొట్టింది. తొమ్మిదో తెప్ప, యాభై రెండో తెప్ప మునిగాయి. రెండింటిలోనూ మనుషులు లేరు. నలభై ఒకటి నిలిచింది. పోలేశ్వరికి మూడు రోజులుగా కాళ్ళు వాచాయని వైద్యం పడవ వెళ్ళి చూసి వచ్చింది, భయం లేదన్నారు.

సభలో నా తప్పు నేనే చెప్పుకున్నాను. బొమ్మ వినాలని అడిగాను గానీ, మా ఆడవాళ్ళ చేతులు గురువారం గురువారం బొమ్మతో ఏం చెబుతాయో ఆలోచించలేదని. ఎవరూ తిట్టలేదు. మరి ఇప్పుడేం చేద్దామని అడిగారు. అది తిట్టుకన్నా కష్టమైన ప్రశ్న.

76వ రోజు, శనివారం

కామేశం గారూ నేనూ పది రోజులు తగువులాడి తేల్చుకున్నది ఇది. ఇక మీదట మూలంలో పీపా సంగతికి ఒక గడి కాదు, రెండు. ఒకటి ముల్లు చెప్పేది. కదిలినా కదలకపోయినా ముల్లు రోజూ పొద్దున తన మాట చెప్పి తీరాలి. రెండోది ఇంటివాళ్ళు చేత్తో చెప్పేది. ఒకదాన్ని ఇంకోటి చెరపకూడదు. రెండూ కలిస్తే బొమ్మ నిలబడుతుంది, లేదా వంగుతుంది. కలవకపోతే తల పక్కకు తిప్పుతుంది. తల తిప్పిన బొమ్మ కనబడితే పక్క తెప్పవాళ్ళు వచ్చి, ఏమైందని నోటితో అడగాలి.

మరి ఎవరి మాట నిజమని మూలం తేల్చదా అని కామేశం గారు చివరిదాకా పట్టుబట్టారు. తేల్చదు, మనుషులను పంపిస్తుంది అన్నాను.

80వ రోజు, బుధవారం

కొత్త పద్ధతికి ఇవాళ మొదటి రోజు. పొద్దున ఏడింటికి నా గోడ మీద ఇరవై మూడు బొమ్మలు తల తిప్పాయి. కిటికీ తెరిస్తే ఊరంతా పడవల్లో ఉంది. ఎవరో ఎవరి గడపలోనో నిలబడి అడుగుతున్నారు, ఎవరో ఏదో చెబుతున్నారు. తుఫానులో ఇరుకు ఇరుకుగా ఉండి తగువులాడుకున్నవాళ్ళు కూడా వెళ్ళి అడుగుతున్నారు. నవ్వొచ్చింది నాకు. గోడ మీద ఏ తెప్పలు తల తిప్పాయో రాసుకుంటూ కూర్చున్నాను.

బయట పడవ తగిలిన చప్పుడైతే చూశాను. చిట్టెమ్మ పిన్ని, ఒక్కతే, అంచు నుంచి ఇంత దూరం తెడ్డేసుకుని వచ్చింది. చెమటలు కారుతున్నాయి. ఇంటి దగ్గర నెలలు నిండుతున్న పిల్లకు బాగాలేదేమోనని గబగబా గడప దాకా వెళ్ళాను.

"పిల్ల బాగుంది," అంది నేను అడగకముందే. "నీ ఇంటి మీదుగా వస్తంటే సూశాను. మీ బొమ్మ తల తిప్పేసింది. పక్క తెప్పోళ్ళు అడిగేరో లేదో అని నానే వచ్చీసాను. ఏటైంది రత్నం?"

గోడ వైపు తిరిగాను. నాది ముప్పై మూడో తెప్ప. ఇరవై మూడూ రాసుకున్నాను గానీ అందులో ముప్పై మూడు ఉందని గమనించనేలేదు. పొద్దున చీకటితోనే లేచి, పీపాల వైపు తొంగి కూడా చూడకుండా, బొమ్మను నిటారుగా నిలబెట్టి పనికి వచ్చేశాను. ముల్లు ఇంకేదో చెప్పి ఉంటుంది. పీపాలు చూసుకునే మా ఆయన పోయి ఆరేళ్ళయింది, అప్పట్నుంచి ఆ తెప్ప కిందికి నేను దిగి చూడలేదు.

ఏం లేదు పిన్నీ, బాగానే ఉంది అనబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"తెలీదు పిన్నీ," అన్నాను. "చూడలేదు. ఒక్కదాన్నే కిందికి దిగాలంటే నాకు భయం."

"రా మరి," అంది ఆమె, పడవలో పక్కకు జరిగి చోటిస్తూ. రాత పుస్తకం అలాగే వదిలేసి ఎక్కాను. ఇది సాయంత్రం తిరిగొచ్చి రాస్తున్నాను. రెండు పీపాలు ఖంగుమన్నాయి, రెండు దబ్ అన్నాయి. బొమ్మను నేనే వంచాను.